బిస్కెట్ల అచ్చు

రాఘవులు ఉద్యోగం పోయి అప్పటికి ఏడు నెలలు. ఐర్లండులో డ్రోహెడా దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. మాత్రల్ని రేకుల్లో పెట్టి అతికించే యంత్రాలు ఆగిపోకుండా చూడడం అతని పని. 2009 నవంబరులో ఆ విభాగం మొత్తాన్ని ఎత్తేసి వేరే దేశానికి తరలించారు. యంత్రాల్ని విప్పి, ఏ భాగం ఎక్కడిదో చీటీలు అంటించి పెట్టెల్లో సర్దింది కూడా రాఘవులే. ఆఖరి పెట్టె లారీ ఎక్కాక మెడలోని కార్డు గేటు దగ్గర ఇచ్చేసి, నేవన్‌లోని ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

భార్య సూర్యప్రభ ఆస్పత్రిలో డాక్టరు. ప్రభుత్వం కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేసిన రోజులవి. ఉన్నవాళ్ళ మీదే పనంతా పడేది. ఆమె పొద్దున ఏడింటికి వెళ్తే ఎప్పుడు వస్తుందో ఆమెకే తెలిసేది కాదు. కూతురు ఉజ్వలకి పద్నాలుగేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ మీత్ కౌంటీ యాసలో ఇస్తుంది. ఆ పిల్లని బడిలో దింపడం, వంట, బట్టలు, బజారు అన్నీ రాఘవులు చేతికి వచ్చాయి. పనికి అతనెప్పుడూ వెనకాడలేదు. అతనికి కష్టమనిపించింది వేరే. కొత్తవాళ్ళు ఎవరు ఎదురైనా రెండో మాటగా "ఏం చేస్తుంటారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వస్తుందేమోనని నలుగురు కూడే చోటికి వెళ్ళడమే మానేశాడు.

పక్కింట్లో బ్రీడా అని డెబ్బై ఏళ్ళావిడ ఉండేది. కాన్వెంటు బడిలో ముప్ఫై ఏళ్ళు ఫ్రెంచి చెప్పి రిటైరైంది. భర్త పోయాడు. కొడుకులిద్దరూ ఆ ఏడాదే పనులు వెతుక్కుంటూ ఒకడు పెర్త్, ఒకడు టొరంటో వెళ్ళిపోయారు. ఆమె పుట్టిన పల్లెకీ ఫ్రాన్సులో వాల్‌బ్రే అనే చిన్న కోట ఊరికీ ఎప్పటినుంచో స్నేహ సంఘం ఉంది. ఒక ఏడు వీళ్ళు అక్కడికి వెళ్తే ఇంకో ఏడు వాళ్ళు ఇక్కడికి వస్తారు.

మే నెలలో ఒకరోజు రాఘవులు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే బ్రీడా గోడ మీదుగా పిలిచింది.

"రాఘూ, జూన్‌లో ఐదు రోజులు ఖాళీయేనా?"

"నాకేం పని ఉందని?"

"అయితే వాల్‌బ్రే వచ్చెయ్. మా అన్నయ్య మనవడికి ఉంచిన సీటు. వాడు ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. బస్సూ ఓడా అన్నీ సంఘమే ఎప్పుడో మాట్లాడేసింది. ఆ సీటు ఖాళీగా వెళ్తే నాకు ప్రాణం ఒప్పదు."

"నాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు."

"వచ్చేవాళ్ళలో ఎవరికొచ్చు? నాకొక్కదానికే. అదీ పుస్తకాల ఫ్రెంచి. నేను మాట్లాడితే అక్కడి పిల్లలు నవ్వుతారు."

రాఘవులు సాయంత్రం ఆ మాట ఇంట్లో చెప్పాడు, వెళ్ళాలని కాదు, ఊరికే.

"వెళ్ళిరండి" అంది సూర్యప్రభ, బూట్లు విప్పుకుంటూ.

"నువ్వు డ్యూటీలు చేస్తుంటే నేను ఊళ్ళు చూడ్డానికి పోతే ఏం బావుంటుంది?"

"మీరు కిచెన్‌లో ప్రెస్సుల్లో డబ్బాలూ గిన్నెలూ అన్నీ మూడోసారి సర్దితే బావుందా? ఏ ప్రెస్సులో ఉప్పు పెట్టారో దొరక్క నిన్న పెరుగన్నంలో చక్కెర కలుపుకున్నాను. వెళ్ళండి. ఐదు రోజులు మేమెలాగో బతుకుతాం."

"గో ఆన్, డాడ్. యూ'ల్ బి గ్రాండ్" అంది ఉజ్వల ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

అలా జూన్ రెండో వారంలో రాఘవులు పదముగ్గురు ఐరిష్ పెద్దవాళ్ళతో కలిసి రాస్‌లేర్ రేవులో ఓడెక్కాడు. వాళ్ళలో అందరికంటే చిన్నాయనకి అరవై రెండు. రాఘవులికి నలభై ఆరు కాబట్టి పెట్టెలన్నీ అతనే మోశాడు. వాళ్ళు ఫ్రాన్సులో టీ బాగుండదని తమ టీ పొట్లాలు తెచ్చుకున్నారు. సూర్యప్రభ అతని సంచిలో చిన్న సీసాలో ఆవకాయ పెట్టింది. ఓడలో భోజనానికి కూర్చున్నప్పుడు ఒకాయన ఆవకాయ రొట్టె మీద జాములా రాసుకుని తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఇంకాస్త ఇమ్మన్నాడు. ఆ తర్వాత ఎవరికీ ఎవరూ కొత్త కాదన్నట్టు అయిపోయింది.

షెర్‌బూర్ రేవు నుంచి బస్సులో మూడు గంటలు. వాల్‌బ్రే గుట్ట మీద ఉంది. ఊరి చుట్టూ రాతి గోడ. గోడలో ఒకే ఒక పెద్ద ద్వారం. అందులోంచి బస్సు పట్టదు. దిగి నడిచారు. లోపల వీధులు రెండు చేతులు చాపితే అటూ ఇటూ గోడలు తగిలేంత ఇరుకు. నేలంతా గుండ్రాళ్ళు. ఇళ్ళ గోడల్లో దూలాలు బయటికే కనబడుతున్నాయి, వాటి మధ్య సున్నం పూత. పై అంతస్తులు కిందివాటికంటే ముందుకు వచ్చి, ఎదురెదురు ఇళ్ళు ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకుంటున్నట్టు వంగి ఉన్నాయి. వీధులకి పనివాళ్ళ పేర్లున్నాయని బ్రీడా చదివి చెప్పింది. తోళ్ళు శుభ్రం చేసేవాళ్ళ వీధి, కుండలవాళ్ళ వీధి, మేకులు చేసేవాళ్ళ సందు.

"మా వైపూ ఇంతే. సాలెపేట, కుమ్మరిపాలెం అని ఉంటాయి" అన్నాడు రాఘవులు. ఏడు నెలల్లో అతను బయటివాళ్ళతో, ఎవరూ అడక్కుండా చెప్పిన మొదటి మాటేమో అది.

ఊరివాళ్ళు వచ్చినవాళ్ళని ఇంటికి ఇద్దరి చొప్పున పంచుకున్నారు. బ్రీడా, రాఘవులు ఒకే ఇంటికి వెళ్ళారు. ఆ ఇంటావిడ పేరు ఓడిల్. ఊరి మ్యూజియాన్ని ఆవిడే చూసుకుంటుంది, జీతం లేకుండా. ఆమె భర్త జెరార్ వడ్రంగి. పని మానేసి నాలుగేళ్ళయింది. ఆయనకి ఇంగ్లీషులో "థాంక్యూ" ఒక్కటే వచ్చు. అన్నిటికీ అదే వాడేవాడు.

మొదటిరోజు భోజనం దగ్గర ఓడిల్ నవ్వుతూ రాఘవులు వైపు చూసి ఏదో అడిగింది. భాష రాకపోయినా అతనికి అర్థమైంది. ఆ ప్రశ్న ఏ భాషలోనైనా ఒకటే. అతను గ్లాసు వైపు చూస్తుండగా బ్రీడాయే "ఇంజినీరు" అని చెప్పేసింది. ఓడిల్ గౌరవంగా తలూపింది. జెరార్ "థాంక్యూ" అన్నాడు. బ్రీడా చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. అయినా రాఘవులు గబగబా తినేసి అందరికంటే ముందు లేచాడు.

మర్నాడు చర్చి చూశారు. గోడ మీద ఎక్కి ఊరంతా చుట్టి వచ్చారు. మిగతావాళ్ళు రంగు అద్దాల కిటికీలు, బిషప్పుల సమాధులు చూస్తుంటే రాఘవులు కళ్ళు దూలాల మీదే ఉన్నాయి. ఎక్కడా ఇనుప మేకు లేదు. దూలంలో దూలం దూర్చి, అడ్డంగా చెక్క చీల దిగగొట్టారు. ఐదువందల ఏళ్ళయినా కదల్లేదు. ఒకచోట ఆగి చీల మీద చెయ్యి పెట్టి చూస్తుంటే జెరార్ వచ్చి పక్కన నిలబడ్డాడు. తన రెండు చూపుడువేళ్ళనీ ఒకదాంట్లో ఒకటి మెలేసి గట్టిగా లాగి చూపించాడు. రాఘవులు తలూపాడు. అంతకుమించి వాళ్ళకి మాటలు అవసరం పడలేదు.

మధ్యాహ్నం మ్యూజియానికి వెళ్ళారు. పాత వర్తకుడి ఇల్లు అది. నడిస్తే నేల కిర్రుమంటుంది. కింద గదుల్లో తాళాలు, కత్తులు, నాణేలు, సన్యాసినులు రాసిన పుస్తకాలు. మేడ మీద పాత వంటిల్లు. రాగి బాండీలు, వెన్న చిలికే పీపా, అద్దాల బీరువాలో చెక్క గరిటెలు, బిస్కెట్ల అచ్చులు. ఓడిల్ ఒక్కొక్కటీ చూపిస్తూ చెబుతుంటే బ్రీడా ఇంగ్లీషులోకి మారుస్తోంది. అందరూ తర్వాతి గదిలోకి కదిలారు. రాఘవులు కదల్లేదు.

బీరువాలో కింది అరలో, రెండు బిస్కెట్ల అచ్చుల మధ్య, జానెడు పొడవున్న చెక్క ముక్క ఒకటుంది. దాని మీద తీగ, తీగకి ఆకులు, మధ్యలో విచ్చిన పువ్వు. అతను మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. లేచి ఇంకో వైపునుంచి చూశాడు.

అతని తండ్రి పెడనలో అచ్చులు చెక్కేవాడు. కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద పువ్వులు, లతలు, నెమళ్ళు. పదహారేళ్ళు వచ్చేదాకా రాఘవులు ఆయన పక్కన కూర్చుని, గీత గీసిచ్చిన చోట చుట్టూ ఉన్న చెక్కని చిన్న ఉలితో తవ్వేవాడు. పాలిటెక్నిక్‌లో సీటొచ్చాక మళ్ళీ ఉలి ముట్టుకోలేదు. కరక్కాయ నీళ్ళ వాసన, బెల్లంలో తుప్పు ఇనుము నానబెట్టిన నల్లరంగు కుండల వాసన చొక్కాలకి పడుతుందని హాస్టలు నుంచి ఇంటికి రావడం కూడా తగ్గించాడు. ఫ్యాక్టరీలో ఎవరైనా అడిగితే "మా నాన్నది టెక్స్‌టైల్ బిజినెస్" అనేవాడు. ఆ నాన్న పోయి పదకొండేళ్ళు.

"రాఘూ, ఒంట్లో బాగానే ఉందా?" బ్రీడా వెనక్కి వచ్చింది.

"ఇది బిస్కెట్లది కాదు" అన్నాడు.

"ఏది?"

"ఇది. బట్ట మీద రంగు అద్దే అచ్చు."

బ్రీడా ఓడిల్‌ని పిలిచి చెప్పింది. ఓడిల్ కళ్ళజోడు సరిచేసుకుని చీటీ చదివింది. ఆ చీటీ యాభై ఏళ్ళ కిందట ఊరి బడి పంతులు రాసిందట. అప్పటినుంచి అది బిస్కెట్ల అచ్చే. ఎందుకు కాదంటున్నావని అడిగింది. అడగడంలో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

రాఘవులు వేలితో గాల్లో గీసి చూపిస్తూ మొదలుపెట్టాడు. "బిస్కెట్ల అచ్చులో బొమ్మ లోపలికి తవ్వుతారు, పిండి మీద పైకి రావాలి కాబట్టి. పక్కన ఉన్నవి చూడండి, రెండూ లోపలికే ఉన్నాయి. దీంట్లో బొమ్మ పైకి నిలబడి ఉంది. పైకి ఉన్నదానికే రంగు అంటుతుంది."

బ్రీడా మార్చి చెప్పింది. ఓడిల్ వంగి చూసింది.

"ఇంకోటి. ఈ అంచు దగ్గర ఆకు సగమే ఉంది. ఆ సగం ఎక్కడుందో చూడండి. అదిగో, అవతలి అంచున. ఒకసారి అద్ది, పక్కన మళ్ళీ అద్దితే రెండు సగాలూ కలిసి ఆకవుతుంది. అలా బట్ట పొడుగునా తీగ సాగుతుంది. బిస్కెట్ మీద సగం ఆకు ఎవరు వేస్తారు?"

బ్రీడా ఫ్రెంచిలో ఆ మాట పూర్తిచేసేలోపే ఓడిల్ తాళంచెవుల గుత్తి తీసింది. బీరువా తెరిచి, తెల్ల చేతితొడుగులు అతనికి ఇచ్చి, ఆ చెక్కని రెండు చేతుల్తో అందించింది.

చేతిలోకి తీసుకోగానే అతనికి ముందు తెలిసింది బరువు. బొమ్మ ఉన్న వైపు తిప్పి చూశాడు. మూలల్లో సన్నటి ఇత్తడి ముళ్ళు రెండున్నాయి. "ఇవి గురుతుకి. ముందు అద్దిన చోట ఈ ముల్లు చుక్క పెడుతుంది, ఆ చుక్క చూసుకుని రెండోది అద్దుతారు." పక్క అంచుల్లో ఇంకిన మరక చూపించాడు. ఎర్రగా, చాలా పాతగా ఉంది.

అప్పటికి మిగతావాళ్ళూ చుట్టూ చేరారు. బ్రీడా ముఖం వెలిగిపోతోంది. "అయితే ఇది మీ దేశం నుంచే వచ్చింది! మీ ఊరినుంచే వచ్చిందేమో రాఘూ! ఓడల్లో తెచ్చుంటారు." ఓడిల్‌కీ అదే చెప్పింది. ఓడిల్ చేతులు జోడించినట్టు పట్టుకుని అతని జవాబు కోసం చూసింది. ఆవకాయ తిన్న పెద్దాయన "గుడ్ మ్యాన్!" అని భుజం తట్టాడు.

అవునంటే అయిపోయేది. అక్కడ కాదనేవాళ్ళు ఎవరూ లేరు. రాఘవులికి కూడా అవుననాలనే ఉంది. చెక్కని వెలుతురుకి పట్టి మళ్ళీ చూశాడు. నార సన్నగా, నున్నగా, పాలిపోయి ఉంది. టేకు ఇలా ఉండదు. వెనక పిడి లేదు, వేళ్ళు పట్టడానికి రెండు గుంటలు తవ్వారు. తండ్రి ఏ అచ్చుకీ పిడి లేకుండా చెయ్యలేదు. గాలి పోవడానికి బెజ్జాలూ లేవు. ఉలి పడిన తీరు కూడా వేరు. తండ్రి రేకుల అంచుల్ని కొంచెం ఏటవాలుగా కోసేవాడు. ఇక్కడ గోడలా నిలువుగా ఉన్నాయి.

"కాదు" అన్నాడు. "పువ్వు మాదే. ఈ తీగ తిరగడం, ఈ మొగ్గ ఇలా వంగడం, ఇవి మా సముద్రం ఒడ్డు బట్టల్లోవే. కానీ ఇది మావాళ్ళు చెక్కింది కాదు. కలప మాది కాదు, చెయ్యి మాది కాదు. మా బట్ట ఒకటి ఎదురుగా పెట్టుకుని, చూసి నేర్చుకుని ఈ పక్కనే ఎవరో చెక్కారు."

జెరార్ ముందుకు వచ్చి, భార్య వైపు ఓసారి చూసి, వంగి ఆ చెక్కని దగ్గరగా చూశాడు. ఒకే మాట అన్నాడు. బ్రీడా చెప్పింది, "పియర్ చెట్టు కలప అంటున్నాడు. ఈ చుట్టుపక్కల తోటల్లో ఎక్కడైనా ఉంటుందట."

"ఇదంతా నీకెలా తెలుసు?" అని ఓడిల్ అడిగింది. బ్రీడా ఈసారి తను జవాబు చెప్పకుండా అతని వైపు తిరిగింది.

"మా నాన్న అచ్చులు చెక్కేవాడు. మా తాత కూడా. మా అన్నయ్య ఇప్పటికీ చెక్కుతున్నాడు. నేను పదహారేళ్ళదాకా ఆ పని చేశాను" అన్నాడు రాఘవులు. చెప్పడం అయిపోయాక, అది అంత కష్టమైన మాటేమీ కాదనిపించింది.

రంగు పూసి అద్ది చూద్దామని ఒకరన్నారు. అంత పాత వస్తువుకి రంగు తగలకూడదని ఓడిల్ గట్టిగా చెప్పింది. పలచటి కాగితం తెచ్చి అచ్చు మీద పరిచి, మెత్తటి పెన్సిలుతో మెల్లగా రుద్దారు. కాగితం మీద తీగ తేలింది. కాగితాన్ని జరిపి మళ్ళీ రుద్దితే రెండు సగాలూ కలిసి నిండు ఆకయింది. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం జెరార్ అతన్ని పెరటి షెడ్డుకి తీసుకెళ్ళాడు. గోడ పొడుగునా ఉలులు వరసగా వేలాడుతున్నాయి. ఒక పియర్ చెక్క ముక్కని బల్లకి బిగించి, అన్నిటికంటే చిన్న ఉలి తీసి రాఘవులు చేతిలో పెట్టి "థాంక్యూ" అన్నాడు. రాఘవులు నవ్వి, చిన్న పువ్వొకటి గీసుకుని మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ళు. మణికట్టుకి దారి గుర్తుంది గానీ బలం ఎంత పెట్టాలో మరిచిపోయింది. మూడో రేకు దగ్గర ఉలి జారి రేకు సగం ఎగిరిపోయింది. జెరార్ చెక్క తిప్పి, ఇంకోవైపు మళ్ళీ గియ్యమని పెన్సిలు ఇచ్చాడు. ఇద్దరూ చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు. రెండో పువ్వు కూడా గొప్పగా రాలేదు, కానీ ఐదు రేకులూ మిగిలాయి.

ఫోన్లో సూర్యప్రభకి అంతా చెప్పాడు. ఆమె మధ్యలో ఆపకుండా విని అంది, "మీ నాన్నగారి పని గురించి ఇంత సేపు మాట్లాడటం ఇదే మొదటిసారి, తెలుసా? పెళ్ళిలో కూడా ఆయన చేతుల మీద కాయలెందుకో నేనే అత్తయ్యగారిని అడిగి తెలుసుకున్నా."

"తెలుసు" అన్నాడు.

"ఉజ్వలకి మీరే చెప్పండి. నేను చెప్పను."

ఇంటికి వచ్చిన మర్నాడు, మ్యూజియంలో పెన్సిలుతో రుద్దిన కాగితాన్ని టేబుల్ మీద పరిచి ఉజ్వలకి చెప్పాడు. ఆ పిల్ల వింటూ వింటూ, "సో గ్రాండాడ్ వాజ్ యాన్ ఆర్టిస్ట్?" అంది.

"కాదమ్మా. పనివాడు. రోజుకి పన్నెండు గంటలు నేల మీద కూర్చునేవాడు."

"దట్స్ వాట్ ఆర్టిస్ట్స్ డూ, డాడ్" అని ఆ కాగితాన్ని ఫొటో తీసుకుంది. ఆదివారం పెడనకి ఫోన్ చేసినప్పుడు ముందు తనే తీసుకుని, వచ్చీరాని తెలుగులో పెదనాన్న దశరథని ప్రశ్నలతో ముంచేసింది. ఫోన్ రాఘవులు చేతికి వచ్చేసరికి అన్నయ్య నవ్వుతున్నాడు. "ఏరా, మీ పిల్ల నన్ను ఇంటర్వ్యూ చేసేసింది. గురుతు ముల్లు ఇనుముదా ఇత్తడిదా అని అడుగుతోంది. నీకే తెలీదుగదరా నేను ఇప్పుడు ఏది వాడుతున్నానో."

"ఏది వాడుతున్నావు?"

"ముల్లెక్కడిది? కంటితోనే చూసుకుంటాను. నాన్న పెట్టే ముళ్ళు మానేసి చాలా ఏళ్ళయింది." ఆపైన ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. అన్నదమ్ములు అంతసేపు మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

అక్టోబరులో ఓడిల్ దగ్గర్నుంచి కవరు వచ్చింది. పెద్ద మ్యూజియం నుంచి ఒక నిపుణురాలు వచ్చి చూసిందట. పద్ధెనిమిదో శతాబ్దం నాటిది, భారతదేశపు అద్దకం బట్టలను చూసి ఇక్కడే చేసినది కావచ్చు అని చెప్పిందట. అచ్చుని వంటింటి బీరువాలోంచి తీసి కింద గదిలో విడిగా పెట్టారు. కొత్త చీటీ ఫొటో కూడా పంపింది. చివరి వాక్యంలో అతని పేరుంది. "రాఘవులు"లో ఒక అక్షరం తప్పు పడింది. అతను దిద్దమని రాయలేదు.

ఉద్యోగం వెంటనే రాలేదు. ఆ చలికాలం చాలామందికి రాలేదు. మరుసటి వసంతంలో గాల్వేలో వైద్య పరికరాలు చేసే కంపెనీవాళ్ళు పిలిచారు. ఇంటర్వ్యూలో ఒకాయన, మధ్యలో ఈ పదహారు నెలలూ ఏం చేశారని అడిగాడు. "వంట చేశాను. పిల్లని బడికి తీసుకెళ్ళాను. ఫ్రాన్సు వెళ్ళి ఒక మ్యూజియం చూసి వచ్చాను" అన్నాడు రాఘవులు. ఏం మ్యూజియం అని ఆయన అడిగితే అచ్చు సంగతి చెప్పాడు. పావుగంట దాని గురించే మాట్లాడుకున్నారు. ఏడాది కాంట్రాక్టు ఇచ్చారు. ఏడాదికోసం ఇల్లు మార్చడమెందుకని వారం రోజులూ అక్కడ ఇంకొకరితో గది పంచుకుని, శుక్రవారం సాయంత్రం నేవన్ వచ్చేవాడు.

ఆ జూన్‌లో వాల్‌బ్రే వాళ్ళు వచ్చే వంతు. ఓడిల్, జెరార్ ఎవరింట్లో దిగాలని సంఘంలో అడిగితే రాఘవులు ముందే చెయ్యెత్తాడు. సూర్యప్రభ రెండు రోజులు సెలవు సంపాదించి పప్పు, దొండకాయ వేపుడు, పులిహోర చేసింది. జెరార్ మూడుసార్లు వడ్డించుకుని మూడుసార్లూ "థాంక్యూ" అన్నాడు. మర్నాడు అందరూ ట్రిమ్ కోట చూడ్డానికి బయల్దేరుతుంటే చినుకులు మొదలయ్యాయి. సూర్యప్రభ ఇంట్లో ఉన్న గొడుగులన్నీ తెచ్చి కారులో పడేసి, ముందు సీట్లో కూర్చుని, "పోనివ్వండి, ఆలస్యమైతే అక్కడ పార్కింగ్ దొరకదు" అంది.